ఫిగ్మెంట్ సారు

మొన్న ఆఫీసులో మీటింగు జరుగుతుంటే మా మేనేజరు నా ప్లాను చూసి, "ఈ డేట్లన్నీ ఫిగ్మెంట్ ఆఫ్ యువర్ ఇమాజినేషన్," అన్నాడు. సిగ్గుపడాల్సిన సందర్భమే. పక్కనున్న వాళ్లు నా తరఫున ఆ పని చేసి తలలు దించుకున్నారు కూడా. నేను మాత్రం కుడిచేతి బొటనవేలిని రెండు వేళ్ల మీద ఆనించి మెల్లగా పిసకడం మొదలుపెట్టాను. మీటింగు అయ్యాక మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "ఏంటయ్యా, ఇందాక అందరి ముందూ డబ్బులడుగుతున్నావు?" అన్నాడు. జీతాలు పెంచే సీజను కదా, ఆయన భయం ఆయనది.

డబ్బులు కాదు. ఆ మాట చెవిన పడితే నా వేళ్లు వాటంతటవే అలా కదులుతాయి. ఏడో తరగతిలో అంటుకున్న జబ్బు అది. అంటించినవాడు మా ఇంగ్లీషు సారు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయన ఉద్యోగానికి ముప్పు. బతికున్న మనిషి గురించి, పోయినవాడి గురించి రాసినట్టు రాస్తున్నానంటే కారణం అదే.

మెట్టుగూడలో మెయిన్ రోడ్డు దిగి రెండు సందులు తిరిగితే ఒక రెండంతస్తుల ఇల్లుండేది. అదే మా స్కూలు. కింద సగంలో స్కూలు యజమాని కుటుంబం. ఆయన్ని కరస్పాండెంటుగారు అనాలి, ఎవరితో కరస్పాండెన్సు చేసేవాడో మాకు తెలీదు. మిగతా సగంలో ఎల్కేజీ, మెట్ల కింద ఆరో తరగతి, పైన మిగిలిన వాళ్లం. వాళ్ల వంటింటి కిటికీ ఆరో తరగతిలోకి తెరుచుకునేది కాబట్టి, పప్పులో తాలింపు పడిందంటే నాలుగో పీరియడ్ అయినట్టు లెక్క. బోర్డు మీద 'ఇంగ్లీషు మీడియం' అని రాసుండేది. ఇంగ్లీషు వచ్చింది మాత్రం ఒక్క సారుకే. అది కూడా ఆయన విజయనగరం నుంచి తెచ్చుకున్నది.

పొట్టి మనిషి. ప్యాంటును నడుముకు కాదు, ఛాతీకి కట్టుకునేవాడు. జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు. మేం పల్లీలంటే ఆయన "గుళ్లు" అనేవాడు. ఏ మాటకైనా మూలం చెప్పే ముందు ఒక గింజ నోట్లో వేసుకునేవాడు. అది నమిలి మింగేదాకా క్లాసు మొత్తం ఆగాలి. లాటిను, గ్రీకు నా బుర్రలో ఇప్పటికీ పల్లీల వాసన వేస్తాయి. రోడ్డు మీద తప్పులున్న బోర్డు కనబడితే ఆగి, పూర్తిగా చదివి, "పాపం," అని కదిలేవాడు. తిట్టేవాడు కాదు. యాక్సిడెంటు చూసినట్టు చూసేవాడు.

ఒకరోజు రీడర్‌లో ఆ మాట వచ్చింది. గైడులో దాని ఎదురుగా 'కల్పితము' అని ఉంది. క్లాసు లీడరు లేచి అదే చదివాడు.

"కల్పితమంటే ఏటి?" అన్నాడు సారు.

"లేనిది సార్."

"లేనిదానికి పేరెందుకయ్యా? పెట్టినవాడికి పనిలేదా?"

లీడరు కూర్చున్నాడు. మర్నాడు సారు టిఫిను డబ్బాలో చపాతీ పిండి పట్టుకొచ్చాడు.

"బంకమట్టి తేవాలనుకున్నాను. ఈ ఊళ్లో మట్టి కూడా కొనాలట. అంచేత పిండి తెచ్చీసేను. మా ఇంట్లో వాళ్లకి చెప్పకండి."

మా ముందే ఆ పిండిని పిసికి, నాలుగు కాళ్లూ, తొండం తీసి ఒక జంతువును చేశాడు. మొదటి బెంచీకి ఇచ్చి, అందరూ చూసి వెనక్కి పంపమన్నాడు.

"ఇది ఉందా, లేదా?"

"ఉంది సార్."

"ఏనుగేనా?"

"కాదు సార్. పిండి."

"పంది సార్," అన్నాడు వెనకనుంచి ఎవడో.

"పందో, ఏనుగో. చేతిలో ఉంది కదా. లేదనడానికి వీల్లేదు. అదేననడానికీ వీల్లేదు. అలాటిదాన్ని ఫిగ్మెంట్ అంటారు." ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. ఆగాం. "లాటిన్‌లో ఫింగెరె అని ఒక క్రియ ఉంది. మట్టిని వేళ్లతో నొక్కి ఆకారం తియ్యడం. మన కుమ్మరి చేసే పనే. ఈ మాట అందులోంచి పుట్టింది. ఫిక్షన్ దీని చెల్లెలు. ఫిగర్ అన్నయ్య. నటించడాన్ని ఫెయిన్ అంటారే, వాడు ఇంట్లోంచి పారిపోయిన తమ్ముడు. ఇంకా పాతకాలానికి పోతే, మీ చేతుల్లో ఉందే ఈ పిండి, దీన్ని ఇంగ్లీషులో డో అంటారు, అది కూడా దూరపు చుట్టమేనట. మన కల్పన మాత్రం? కల్పించడమంటే లేకపోవడం కాదర్రా, అమర్చడం. ఎవరో ఒకరు కూచుని అమర్చాలి."

నేను చెయ్యెత్తాను. "అయితే సార్, ఫింగర్ సుత దాంట్లకెల్లే వచ్చిందా?"

ఆయన మొహం వెలిగిపోయింది. "రాలేదు నాయనా. అలా అనిపిస్తుంది. వేళ్లతోనే చేస్తాం కాబట్టి బాగా అనిపిస్తుంది. కాని దాని ఇల్లు వేరు."

ఏనుగు చివరి బెంచీకి వెళ్లి తిరిగొచ్చేసరికి దానికి తొండం లేదు. ఎవరు తిన్నారో విచారణ జరిగింది కాని తేలలేదు. ఉప్పు తక్కువైందని మాత్రం నేను చెప్పగలను.

ఆ రోజు నుంచి ఆయన పేరు ఫిగ్మెంట్ సారు. ఆయనకూ తెలుసు, పట్టించుకోలేదు. పైగా ఆ పేరుకు తగ్గట్టే నడుచుకునేవాడు. మిగతా సార్లు పిల్లల సాకులు వింటే 'అబద్ధాలాడకు' అని కొట్టేవాళ్లు. ఈయన కొట్టేవాడు కాదు, పనితనం చూసేవాడు. నేను మౌలాలి రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేవాణ్ణి కాబట్టి నా సాకు ఎప్పుడూ ఒకటే.

"గేటు పడ్డది సార్."

"ఏ బండి?"

"గూడ్స్ సార్."

"ఏటి వేసుకెళ్తోంది?"

"బొగ్గు సార్. పైన కప్పలేదు. గాలికి పొడి లేస్తుంది. స్కూటర్ మీద ఒకాయన తెల్లంగి వేసుకున్నడు సార్, డ్రైవర్‌ను తిడుతున్నడు."

సారు బొటనవేలు రెండు వేళ్ల మీద ఆడేది. "తెల్లంగి బాగుంది. లోపలికి రా."

సరిగ్గా అల్లలేకపోయామా, "పిండి పలచనైపోనాది నాయనా, బయట నిలబడు," అనేవాడు. ఒకరోజు నిజంగానే గేటు పడింది. ఆ కాసేపట్లో హోంవర్కు రాసుకుందామని నేను పుస్తకం తెరిచాను తప్ప, తలెత్తి బండి చూడలేదు. ఏ బండో, ఎవరు ఎవర్ని తిట్టారో ఏం చెప్తాను? ఆ రోజు పీరియడంతా బయటే ఉన్నాను. నిజమనేదానికి నేను పెద్దగా మర్యాద ఇవ్వకపోవడం అప్పట్నుంచే.

ఇంకో సంగతి చెప్పాలి. మా స్కూలుకు ప్రభుత్వం గుర్తింపు లేదు. "వస్తోంది" అనేవాడు కరస్పాండెంటుగారు. నేను చదివినన్నాళ్లూ అది వస్తూనే ఉంది. అందుకని పదో తరగతి పరీక్ష మాచేత వేరే స్కూలు పిల్లల లెక్కలో రాయించారు. సికింద్రాబాదులో అదేం వింత కాదు, చిన్న స్కూళ్లన్నీ చేసేదే. పరీక్షరోజు ఎవరైనా అడిగితే తడబడకుండా ఆ స్కూలు పేరు అరచేతిలో రాసుకుని వెళ్లాం. నా పదో తరగతి మెమో మీద నేను ఒక్కసారి కూడా అడుగుపెట్టని స్కూలుంది. లేని చోట ఉన్నట్టు కాగితం తెచ్చుకునే పని మిగతావాళ్లు డిగ్రీ అయ్యాక మొదలుపెడతారు, మేం పదిలోనే పూర్తి చేశాం. మంచి స్కూలే.

నేను డిగ్రీలో ఉండగా కరస్పాండెంటుగారు ఆ ఇల్లు బిల్డరుకు అమ్మేసి కుటుంబంతో ఎటో వెళ్లిపోయాడు. సారుకు అనుభవం సర్టిఫికెట్ "రేపు ఇస్తా" అన్నాడట. రేపటికంటే ముందు బుల్డోజరు వచ్చింది.

తర్వాత ఊరికి సాఫ్ట్‌వేర్ సోకింది. కిరాణా కొట్టు మేడ మీద జావా నేర్పేవాళ్లు. పెళ్లి చూపుల్లో పిల్లవాడి జాతకం అడగడం మానేసి, జావానా, డాట్‌నెట్టా అని ప్లాట్‌ఫారం అడిగేవాళ్లు. కాని కంపెనీలకు అనుభవమున్న వాళ్లే కావాలి. అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఈ పీటముడి విప్పడానికి స్టేషన్ దగ్గర ఒక లాడ్జి పైన ఒక కన్సల్టెన్సీ వెలిసింది. దాని యజమానిని అందరం డైరెక్టరన్న అనేవాళ్లం. ఆయన దగ్గర చేరితే బెంగుళూరు కంపెనీలో మూడేళ్లు పనిచేసినట్టు కాగితాలు వచ్చేవి. ఎవరైనా ఆరా తీస్తూ ఆ కంపెనీకి ఫోను చేస్తే పక్కగదిలో డైరెక్టరన్న బామ్మర్ది ఎత్తేవాడు. ఆ గది గడప దాటితే ఆయన బెంగుళూరు. కిటికీ దగ్గరికి జరిగితే చెన్నై.

కాగితాలైతే వచ్చేవి కాని ఇంటర్వ్యూలో నోరు పెగిలేది కాదు. అందుకోసం ఒక క్లాసు పెట్టారు. నేను మొదటిరోజు వెళ్లేసరికి ఆలస్యమైంది. తలుపు తోస్తే ఛాతీ దాకా ప్యాంటు కనబడింది.

"గేటు పడ్డదా నాయనా?" అన్నాడు సారు.

మిగతా స్కూళ్లు బీఎడ్ అడిగాయట, ఆయనకు ఎమ్మే ఉందిగాని బీఎడ్ లేదు. మెట్టుగూడలో అద్దె ఆగదు. డైరెక్టరన్న పిలిచాడు. అంతే, అంతకుమించి కథ లేదు.

ఆయన పాఠం మారలేదు. పిండి ఒక్కటే మారింది.

"మీ ఆఫీసు ఎలా ఉంటుంది?" అని అడిగేవాడు.

కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లవాడు, "పెద్దగుంటది సార్," అనేవాడు.

"పెద్దగుంటే సరిపోతుందేటి? లిఫ్టుందా? లిఫ్టులో ఏటుంది?"

"అద్దం సార్."

"అద్దం అందరి లిఫ్టుల్లోనూ ఉంటుంది. నీ లిఫ్టులో అద్దం మూల పగిలింది. ఎవరో కుర్చీ తెస్తుంటే తగిలింది. ఎన్నాళ్లయినా మార్చలేదు. అందులో నీ మొహం రోజూ రెండు ముక్కలుగా చూసుకునేవాడివి. ఇప్పుడు చెప్పు, ఎలా ఉంటుంది?"

మా అందరికీ ఒకే టీం లీడు మేడమ్‌ను తయారుచేశాడు. ఆవిడ పెరుగన్నం ఒక్కత్తే తింటుంది. జోకు వేస్తే అందరూ నవ్వాక కాసేపటికి నవ్వుతుంది. కోపమొస్తే మెయిల్ పెడుతుంది, మూడు కుర్చీల అవతల కూర్చుని. నేను నా వంతుగా పక్క సీటువాడిని ఒకణ్ణి చేసుకున్నాను. నా ఫోను చార్జరు తీసుకుని తిరిగివ్వడు. నెల తిరిగేసరికి వాడంటే నాకు నిజంగానే మంట. ఇప్పటికీ కనబడితే వదలను.

కొత్తవాళ్లెవరైనా గుసగుసగా 'ఫేకు' అంటే డైరెక్టరన్న వచ్చేవాడు. "గా మాట అనొద్దు తమ్మీ. గదంటే మనసుల పరేషాన్ షురూ అయితది. సార్, మీరేమో ఒక మాట అంటరు గదా, గదేంది?"

"ఫిగ్మెంట్."

"ఆఁ గదే. మస్తుగుంది. ఇజ్జత్ ఉంది దాంట్ల."

సారు నవ్వేవాడు కాదు. ఆయన చేత్తో చేసినవాళ్లు ఒక్కొక్కరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. స్వీటు డబ్బా పట్టుకొచ్చి డైరెక్టరన్నకు ఇచ్చి, సారు క్లాసులో ఉన్నప్పుడు చూసుకుని మెట్లు దిగేవాళ్లు. తాము ఏ పిండితో తయారయ్యామో తెలిసిన మనిషి ఎదురుపడటం ఎవరికి ఇష్టం? ఒకసారి టీ తాగుతూ నాతో అన్నాడు: "ఎన్ని ఆఫీసులు కట్టీసేనో నాయనా. ఒక్కదాంట్లోనూ నాకు కుర్చీ లేదు." కాస్త ఏడుపు వాతావరణం కమ్ముకుంటోందని, "కుర్చీ ఉంటే సార్, దాన్ని తెస్తూ లిఫ్టు అద్దం పగలగొట్టేటోళ్లు మీరే," అన్నాను. పల్లీలు నా చేతిలో పోశాడు. మెచ్చుకోలో, నోరు మూసుకోమనో తెలీలేదు.

అప్పుడొచ్చింది ఆ అవకాశం. ఒక పెద్ద కంపెనీకి కొత్తగా చేరేవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే ట్రైనరు కావాలి. సారు దరఖాస్తు పెట్టాడు. డెమో క్లాసు చెప్పమన్నారు. చెప్పాడు. క్లాసయ్యాక, ఎంపిక చేసేవాళ్లే ఇంకో మాటకు మూలం చెప్పమని అడిగి కూర్చోబెట్టుకున్నారట. జేబులో గింజలు అయిపోయేదాకా చెప్పాడు. బీఎడ్ ఊసే లేదు. ఇక మిగిలింది అనుభవం నిజమా కాదా అని ఆరా తీయడం.

"ఏం పెట్టిండ్రు సార్?" అన్నాను.

"ఉన్నదే పెట్టేను. మన బడి."

డైరెక్టరన్న కుర్చీలోంచి లేచాడు. "అయ్యో సార్! నాకు ఒక్క మాట చెప్పకపాయె. మీ స్కూల్‌కు ఫోన్ చేస్తే ఎవరెత్తుతరు?"

"ఎవరూ ఎత్తరు."

"నా కంపెనీకి చేస్తే?"

"మీ బామ్మర్ది ఎత్తుతాడు."

"మరి గీ రెండిట్ల ఏది అసలుది సార్? మీరే చెప్పుండ్రి."

సారు ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. ఇద్దరం ఆగాం. నమలడం అయింది. "నాది ఉందయ్యా," అన్నాడు. "ఎన్నేళ్లు నిలబడ్డాను అక్కడ. కాళ్లకి తెలుసు. ఒక్కసారి ఉన్నది చెప్పి ఉద్యోగం తెచ్చుకోవాలనుంది. పోతే పోనీ."

పోతే పోనీ అన్నాడుగాని, ఆ వారమంతా ఫోను చేతిలోంచి దించలేదు.

ఆరా తీసే ఏజెన్సీవాడు స్కూలు చిరునామా దొరక్క సారుకే ఫోను చేశాడు. ఆయన నన్నూ రమ్మన్నాడు. "నువ్వక్కడ చదివేవు కదా. ఒక మనిషి ఉంటే మంచిది." మధ్యాహ్నం ఎండలో మెట్టుగూడ వెళ్లాం. మా స్కూలున్న చోట ఐదంతస్తుల అపార్టుమెంటు. కింద పరుపుల షాపు. ఏజెన్సీవాడు నా వయసువాడే. మోచేతికి హెల్మెట్టు, ముంజేతిమీద చెమట. ముందే ముగ్గుర్ని అడిగినట్టున్నాడు.

"షాపాయనను అడిగిన సార్. ఆయన వచ్చి రెండేండ్లే అయిందంట. అంతకుముందు ఖాళీ ప్లాటుండె అంటున్నడు. స్కూల్ ఎక్కడ సార్?"

"ఇదే నాయనా. ఇక్కడే," అని సారు ముందుకు నడిచాడు.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాతే ఆయన మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇక్కడ గేటు. నీలం రంగు. ఒక రెక్కే తెరుచుకునేది, రెండోదానికి తాళం పోయింది. లోపలికొస్తే ఈ డబుల్ కాట్ పరుపు ఉందే, ఇక్కడ ఎల్కేజీ. ఆ స్తంభం దగ్గర నీళ్ల డ్రమ్ము. గ్లాసుకి గొలుసు, ఎవరూ ఎత్తుకుపోకుండా. గొలుసు పొట్టి, అంచేత పిల్లలు వంగి తాగీవారు. ఇటు మెట్లు. మూడో మెట్టు విరిగింది. దాని కింద ఆరో తరగతి. వాళ్ల వంటింటి కిటికీ అందులోకే. పదకొండు దాటితే తాలింపు వాసన, ఇక పిల్లలకి పాఠమెక్కదు..."

ఆయన బొటనవేలు రెండు వేళ్ల మీద ఆడుతోంది. పరుపుల మధ్య నిలబడి, గాల్లోంచి గోడ తీస్తున్నాడు, మెట్లు తీస్తున్నాడు. అక్కడ చదివినవాణ్ణి, నాకే వింటుంటే భయమేసింది. ఒక్కటీ అబద్ధం కాదు. కాని ఆ చెప్పే తీరు నేను విన్నాను. లాడ్జి పైన, వారానికి ఐదు రోజులు.

ఏజెన్సీవాడు రాసుకోవడం ఆపి వింటున్నాడు. మొహంలో నవ్వు మెల్లగా పాకుతోంది.

"మస్తు చెప్తున్నరు సార్," అన్నాడు. "గ్లాసుకు గొలుసు! వాహ్. ఏమనుకోకుండ్రి సార్, ఏ కన్సల్టెన్సీ మీది?"

సారు చెయ్యి గాల్లోనే ఆగింది.

"కాదు సార్, తప్పేం లేదు. రోజు చూస్తుంట గదా, ఎరుకయితది. మొన్న ఒకాయన గిట్లనే, లిఫ్టుల అద్దం పగిలింది, మొహం రెండు ముక్కలు కనబడ్తది అని చెప్పిండు. నేను నమ్మిన సార్! సంతకం పెట్టి పంపిన. అటెన్క తెలిసింది, ఆ బిల్డింగుకు లిఫ్టే లేదంట. నాకు మెమో ఇచ్చిండ్రు ఆఫీసుల."

నేను మధ్యలో దూరాను. "భయ్యా, ఒట్టు. నేను ఈడనే చదివిన. ఏడు నుంచి పది దాక."

"టెన్త్ మెమో ఉందా?"

"ఉంది. కాని దాంట్ల వేరే స్కూల్ ఉంది."

ఏజెన్సీవాడు నావంక జాలిగా చూశాడు. "నువ్వు జెర ప్రాక్టీస్ చెయ్యాలె భయ్యా. సార్‌ను చూసి నేర్చుకో."

నవ్వాల్సిన మాటే. వేరే రోజైతే నేనే వేసేవాణ్ణి.

సారు పరుపుల మధ్యలోంచి బయటికొచ్చాడు. వాదిస్తాడనుకున్నాను. ఆ పగిలిన అద్దం ఎవరిదో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నోరు తెరిచి, 'నేనలా అబద్ధాలు నేర్పిస్తాను కాని ఇది మాత్రం నిజం' అని చెప్పాలి. ఆ వాక్యం ఏ భాషలోనూ నిలబడదు. "నీకు కనబడింది రాసుకో నాయనా," అన్నాడు. ఏజెన్సీవాడు షాపు బోర్డుకు రెండు ఫోటోలు, పరుపులకు ఒక ఫోటో తీసుకుని, చల్లటి నీళ్లు తాగమని మా ఇద్దరికీ చెప్పి వెళ్లిపోయాడు. మంచివాడే.

నాలుగు రోజులకు జవాబొచ్చింది. పేర్కొన్న చిరునామాలో పాఠశాల లేదు, ఉన్నట్టు ఆధారం లేదు, ఉద్యోగం ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నాం. వాళ్ల ఇంగ్లీషులో తప్పుల్లేవట. సారే చెప్పాడు.

ఆ సాయంత్రం ఆయన డైరెక్టరన్న గదిలోకి వెళ్లి, కూచోకుండా, "పెట్టీండి," అన్నాడు.

డైరెక్టరన్న నేను అనుకున్నంత చెడ్డవాడు కాదు. 'నేను చెప్పలే?' అనలేదు. స్కూల్లో ఉన్న ఏళ్లన్నీ కోసేసి, ఆ ఖాళీలో చెన్నైలో ఒక ట్రైనింగు కంపెనీని అమర్చాడు. "ఒక్కసారి రిహార్సల్ చేద్దామా సార్?" అన్నాడు. "అక్కర్లేదు," అన్నాడు సారు. అక్కర్లేదు నిజమే. ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లాడు. చెన్నైకి ఫోను వచ్చినప్పుడు బామ్మర్ది కిటికీ దగ్గరికి జరిగి మాట్లాడాడు. అటువైపు వాళ్లు సారు గురించి రెండు ప్రశ్నలు వేసి థాంక్స్ చెప్పారట. టీ చల్లారలేదు, పని అయిపోయింది.

ఉద్యోగం వచ్చిందని నాకు వేరేవాళ్లు చెప్పారు. సారు ఆఖరి రోజు లాడ్జి మెట్ల మీద ఎదురుపడ్డాను. "సార్, స్వీట్లేవి?" అన్నాను. "తెస్తాను," అని గోడవైపు ఒదిగి, నన్ను దాటుకుని దిగిపోయాడు.

తర్వాత నాకూ ఉద్యోగమొచ్చింది. పగిలిన అద్దం జోలికి పోలేదు, చార్జరు దొంగ గట్టెక్కించాడు. సారును మళ్లీ చూసింది ఒక్కసారే. స్టేషనెదురుగా టిఫిను సెంటరులో, పొద్దున్న, ఆఫీసు క్యాబులు ఆగే వేళ. మెడలో ఐడీ కార్డు. ప్యాంటు నడుం మీదికి దిగింది. ఎవరో బెల్టు కొనిపించినట్టున్నారు. పక్కన అదే కార్డులతో ఇద్దరు, ఒకమ్మాయి, ఒకబ్బాయి. ముగ్గురూ నిలబడి ఇడ్లీ తింటున్నారు.

సంతోషమొస్తే నాకు నోరు ముందు నడుస్తుంది. "నమస్తే సార్!" అని దగ్గరికెళ్లి, వాళ్లిద్దరితో, "మా స్కూల్ సార్. నాకు ఇంగ్లీష్ నేర్పింది ఈయనే. ఏమన్న తప్పులుంటే ఈయన్నే అడుగుండ్రి," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "అవునా సార్? స్కూల్‌లో కూడా చేశారా? మీ ప్రొఫైల్‌లో లేదే! నేనే కదా ఫైల్ చూసింది. చెన్నైకి ముందా, తర్వాతా?"

హెచ్.ఆర్. అమ్మాయన్నమాట. మామూలుగానే అడిగింది, చట్నీలో ఇడ్లీ ముంచుకుంటూ.

సారు నావైపు చూశాడు. పరుపుల షాపు ముందు కూడా ఆయన మొహం అంత ఖాళీగా లేదు. నేనేం చేశానో అర్థమైంది. అప్పటికే ఆలస్యమైంది. అబ్బాయి కూడా తినడం ఆపి వింటున్నాడు.

"ఏ స్కూలు బాబూ?" అన్నాడు సారు. నన్నెప్పుడూ నాయనా అనేవాడు.

నేను స్కూలు పేరు చెప్పాను.

ఆయన ఆ పేరును గింజలా నోట్లో వేసుకుని నమిలి చూసినట్టు తల పంకించాడు.

"పేరు బాగుంది," అన్నాడు.